మందు కేటాయించినవారా, వేసుకున్నవారా? క్లినికల్ ట్రయల్స్‌లో చికిత్స ప్రభావాన్ని లెక్కించే తీరు

ఒక కొత్త మందు మరణాలను ఇంత శాతం తగ్గించిందని వార్త వచ్చినప్పుడు, ఆ శాతాన్ని ఎవరిని లెక్కలోకి తీసుకుని కట్టారన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. మందు కేటాయించిన వారందరినీ లెక్కించారా, లేక దానిని నిజంగా వేసుకున్నవారిని మాత్రమే లెక్కించారా అన్నదానిని బట్టి ఒకే ట్రయల్ నుంచి రెండు మూడు వేర్వేరు జవాబులు వస్తాయి. ఆ జవాబులలో కొన్ని పూర్తిగా తప్పుదారి పట్టించేవి కూడా ఉంటాయి.

ట్రయల్‌లో చేరిన ప్రతి ఒక్కరూ ఇచ్చిన మందును ఇచ్చినట్లే వాడరు. కొందరు నాలుగు రోజులు వేసుకుని ఒంట్లో తేలికపడగానే మానేస్తారు. కొందరు వికారం, తలతిప్పుడు భరించలేక ఆపేస్తారు. కూలి పని కోసం ఊరు మారినవారు తిరిగి ఆసుపత్రికి రారు. కొన్నిచోట్ల మందు సరఫరాయే నిలిచిపోతుంది. దీర్ఘకాలిక వ్యాధులకు మందులు వాడేవారిలో, సంపన్న దేశాలలో సైతం, సగటున సగం మందే వైద్యుల సూచనను సక్రమంగా పాటిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన నివేదిక పేర్కొన్నది. ట్రయల్స్‌లో పర్యవేక్షణ ఎక్కువ కాబట్టి పరిస్థితి కొంత మెరుగ్గా ఉంటుంది గాని, సమస్య అక్కడా తప్పదు.

మందు వేసుకోనివారి లెక్క మనకెందుకు, వేసుకున్నవారినే చూస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. సహజంగా తోచే ఈ ఆలోచనలోనే అసలు చిక్కు ఉన్నది.

ప్లసీబో వేసుకున్నా ప్రాణాలు నిలిచాయి

అమెరికాలో గుండెపోటు వచ్చి కోలుకున్న పురుషులపై జరిగిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్టు ఈ చిక్కును బయటపెట్టిన ప్రసిద్ధ ఉదాహరణ. రక్తంలో కొవ్వును తగ్గించే క్లోఫిబ్రేట్ అనే మందును 1,103 మందికి, మందు గుణమేదీ లేని ప్లసీబో మాత్రలను 2,789 మందికి ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది యాదృచ్ఛికంగా, అంటే చీట్లు తీసినట్లుగా, నిర్ణయించారు. ఐదేళ్ల తరువాత మరణాలు క్లోఫిబ్రేట్ వర్గంలో 20 శాతం, ప్లసీబో వర్గంలో 20.9 శాతం. అంటే మందు వల్ల చెప్పుకోదగిన మేలు కనిపించలేదు.

అప్పుడు కొందరికి సందేహం కలిగింది. క్లోఫిబ్రేట్ ఇచ్చినవారిలో చాలామంది దానిని సరిగా వేసుకోలేదు గనుక మేలు మరుగున పడిపోయిందేమో. ఆ వర్గంలో 80 శాతం లేదా అంతకు మించి మాత్రలు వేసుకున్నవారిని విడదీసి చూస్తే మరణాలు 15 శాతమే. సరిగా వేసుకోనివారిలో 24.6 శాతం. లెక్క ఇక్కడితో ఆపి ఉంటే క్లోఫిబ్రేట్ ప్రాణరక్షక ఔషధంగా పేరు తెచ్చుకునేది.

పరిశోధకులు అంతటితో ఆగకుండా ప్లసీబో వర్గాన్ని కూడా అదే విధంగా విడదీశారు. మాత్రలు క్రమం తప్పక వేసుకున్నవారిలో మరణాలు 15.1 శాతం, సరిగా వేసుకోనివారిలో 28.3 శాతం. ఏ గుణమూ లేని మాత్రను క్రమంగా వేసుకున్నవారు, వేసుకోనివారి కంటే దాదాపు సగం తక్కువగా చనిపోయారు! 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైన ఈ అంకెలు నేటికీ గణాంక శాస్త్ర తరగతులలో పాఠంగా నడుస్తున్నాయి.

మాత్రను వేళకు వేసుకునే మనిషి సాధారణంగా ఆహారం, నిద్ర, వ్యాయామం వంటి విషయాలలోనూ కొంత జాగ్రత్తగా ఉంటాడు. అంతకన్నా ముఖ్యంగా, జబ్బు ముదిరినవారు మాత్ర మింగే స్థితిలో ఉండరు. మందు మానడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదరడం వల్ల మందు మానారా అన్నది అంకెలు వాటంతట అవి చెప్పలేవు. కాబట్టి వేసుకున్నవారిని వేసుకోనివారితో పోల్చడమంటే రెండు రకాల మనుషులను పోల్చడమే. మందు పనితనం ఆ పోలికలో విడిగా తేలదు.

చీటీ కలిపినవారిని విడదీయరాదు

ట్రయల్‌కు బలమంతా యాదృచ్ఛిక కేటాయింపు నుంచే వస్తుంది. చీటీ వేసి రెండు వర్గాలు చేస్తే, వయసు, పేదరికం, జబ్బు తీవ్రత, జాగ్రత్త స్వభావం, ఇంకా ఎవరూ కొలవని గుణాలు కూడా రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. ఆ తరువాత కనిపించే తేడాకు చికిత్సనే కారణంగా చెప్పగలుగుతాము. మందు మానినవారిని ఒక వైపు నుంచి తొలగించిన మరుక్షణం ఆ సమానత్వం చెదిరిపోతుంది.

అందుకే ప్రధాన ఫలితాన్ని కేటాయింపు ప్రకారమే లెక్కించడం ఆనవాయితీ అయింది. మందు వర్గంలో పడినవారు ఒక్క మాత్రా వేసుకోకపోయినా మందు వర్గం కిందికే వస్తారు. దీనినే ఇంటెన్షన్ టు ట్రీట్ విశ్లేషణ అంటారు. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజాయితీ గల లెక్క. ఆరోగ్య శాఖ ఒక మందును పంపిణీ చేయాలని నిర్ణయిస్తే, జనంలో వేసుకునేవారూ వేసుకోనివారూ కలిసి మొత్తం మీద ఏ మేలు జరుగుతుందో ఈ లెక్క చెబుతుంది.

అయితే రోగి అడిగే ప్రశ్న వేరు. ‘డాక్టరుగారూ, ఈ మందు నేను తప్పకుండా వేసుకుంటే నాకెంత మేలు?’ అని అడిగినప్పుడు, పక్కింటివారు వేసుకోకపోవడం వల్ల పలచబడిన సగటు ఆ ప్రశ్నకు జవాబు కాదు. కేటాయింపును చెరపకుండానే ఈ రెండో ప్రశ్నకు జవాబు రాబట్టవచ్చునా అన్నదే గత నాలుగు దశాబ్దాలుగా గణాంక శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసిన విషయం. దానికి ఒక చక్కని దారి ఇండోనేషియా గ్రామాల నుంచి దొరికింది.

ఆచే గ్రామాల లెక్క

సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఉన్న ఆచే ప్రాంతంలో 1980వ దశకంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నేత్రవైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ఒక పెద్ద ట్రయల్ నిర్వహించింది. విటమిన్ ఎ లోపం వల్ల పిల్లలకు రేచీకటి వస్తుందన్నది పాత సంగతే. రేచీకటి ఉన్న పిల్లలు మిగిలినవారికన్నా ఎక్కువగా చనిపోతున్నారని సోమర్ అంతకుముందే గమనించారు. విటమిన్ ఇస్తే ప్రాణాలు కూడా నిలుస్తాయా అన్నది తేల్చడానికి 450 గ్రామాలను ఎంచుకుని, యాదృచ్ఛికంగా 229 గ్రామాలలో పిల్లలకు ఆరు నెలల ఎడంతో అధిక మోతాదు విటమిన్ ఎ క్యాప్సూళ్లు పంపిణీ చేశారు. మిగిలిన 221 గ్రామాలకు ట్రయల్ ముగిసేదాకా క్యాప్సూళ్లు ఇవ్వలేదు. వాటిలో ప్లసీబో కూడా లేదు. 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాలు మరణాలు 34 శాతం వరకు తగ్గవచ్చని సూచించాయి.

క్యాప్సూళ్లు కేటాయించిన గ్రామాలలోనూ పిల్లలందరికీ అవి అందలేదు. అందినవారిపై అసలు ప్రభావం ఎంత అన్న ప్రశ్నను సోమర్, గణాంక శాస్త్రవేత్త స్కాట్ జేగర్ కలిసి 1991లో చేపట్టారు. వారు విశ్లేషణకు తీసుకున్న అంకెలు కొన్నే గనుక ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

క్యాప్సూల్ గ్రామాలలో 12,094 మంది పిల్లలు. వారిలో 9,675 మందికి విటమిన్ అందింది. ఆ పిల్లలలో 12 మంది మరణించారు. అందని 2,419 మందిలో 34 మంది మరణించారు. క్యాప్సూల్ ఇవ్వని గ్రామాలలో 11,588 మంది పిల్లలకు 74 మరణాలు.

ముందుగా కేటాయింపు ప్రకారం లెక్క. ఒక వైపు 12,094 మందికి 46 మరణాలు, అంటే వెయ్యికి 3.8. మరో వైపు వెయ్యికి 6.4. మరణాలు సుమారు 40 శాతం తక్కువ.

ఇక తప్పు లెక్క. విటమిన్ అందిన పిల్లలలో మరణాలు వెయ్యికి 1.2 మాత్రమే, అందని పిల్లలలో 14.1. ఈ రెంటినీ పోల్చితే విటమిన్ మరణాలను 90 శాతానికి పైగా తగ్గించినట్లు తేలుతుంది! ఇది నమ్మదగిన మాట కాదని అవే అంకెలు చెబుతున్నాయి. క్యాప్సూల్ ఇవ్వని గ్రామాలలో ఏ బిడ్డకూ ట్రయల్ విటమిన్ అందలేదు, అయినా అక్కడ మరణాలు వెయ్యికి 6.4. క్యాప్సూల్ గ్రామాలలో విటమిన్ అందని పిల్లలలో 14.1. రెండు చోట్లా విటమిన్ లేదు, కాని మరణాలలో రెండింతలకు పైగా తేడా. అంటే విటమిన్ అందని ఆ 2,419 మంది పిల్లలు మొదటి నుంచే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు. ఊరికి దూరంగా విసిరేసినట్లున్న ఇళ్లవారు, కటిక పేదలు, అప్పటికే మంచం పట్టిన పిల్లలు వారిలో ఉండి ఉండవచ్చు. పంపిణీ చేసే మనిషి గుమ్మంలోకి వచ్చేలోగానే కన్నుమూసిన బిడ్డ కూడా ఇలాంటి లెక్కలలో అందనివారి జాబితాలోకే చేరుతుంది.

ఇక్కడే సోమర్, జేగర్‌ల ఆలోచన పనికొచ్చింది. క్యాప్సూల్ గ్రామాలలో సరిగ్గా 20 శాతం మందికి విటమిన్ అందలేదు. గ్రామాలను చీటీతో ఎంచారు గనుక, ఇవ్వని గ్రామాలలోనూ అటువంటి పిల్లలు 20 శాతం మేరకు ఉండాలి. క్యాప్సూళ్లు పంపి ఉంటే అక్కడా అందకపోయేవారన్న మాట. వారెవరో మనకు తెలియదు, పేర్లు రాసుకోవడం సాధ్యం కాదు. కాని వారి సంఖ్యను, వారిలో మరణాలను అంచనా కట్టవచ్చు. 11,588లో 20 శాతం అంటే సుమారు 2,318 మంది. విటమిన్ ఎటూ అందదు గనుక వారి మరణాల రేటు క్యాప్సూల్ గ్రామాలలోని అటువంటి పిల్లల రేటే, అంటే వెయ్యికి 14.1. ఆ లెక్కన సుమారు 33 మరణాలు.

మొత్తం 74 మరణాల నుంచి ఆ 33 తీసివేస్తే మిగిలేవి 41. మొత్తం పిల్లల నుంచి 2,318 మందిని తీసివేస్తే మిగిలేది 9,270 మంది. క్యాప్సూళ్లు పంపి ఉంటే తీసుకుని ఉండేవారు వీరే. వీరిలో మరణాలు వెయ్యికి 4.5. ఇప్పుడు సరైన జోడీ దొరికింది. విటమిన్ తీసుకున్న పిల్లలలో వెయ్యికి 1.2, తీసుకునే అవకాశమే రాని అదే తరహా పిల్లలలో వెయ్యికి 4.5. మరణాలు సుమారు 72 శాతం తక్కువ.

ఒకే ట్రయల్ నుంచి వచ్చిన మూడు జవాబులు ఇవి. పంపిణీ పథకం మొత్తం మీద తెచ్చిన మేలు 40 శాతం. విటమిన్ తీసుకున్న పిల్లలకు కలిగిన మేలు 72 శాతం. తొందరపాటు లెక్క చెప్పిన 90 శాతం దేనికీ జవాబు కాదు.

ఇదే ఫలితాన్ని మరింత దగ్గరి దారిలోనూ రాబట్టవచ్చు. కేటాయింపు ప్రకారం రెండు వైపుల మరణాల తేడా వెయ్యికి 2.6. విటమిన్ అందింది నూటికి 80 మందికే గనుక ఆ తేడా అంతా వారి వల్లనే వచ్చింది. 2.6ను 0.8తో భాగిస్తే 3.2 వస్తుంది. విటమిన్ తీసుకున్న ప్రతి వెయ్యి మంది పిల్లలలో మూడు ప్రాణాలకు పైగా నిలిచాయన్న మాట.

లెక్క నిలబడాలంటే

భాగహారం సులువే, దాని వెనుక ఉన్న షరతులు మాత్రం బరువైనవి. వాటిలో మొదటిది, కేటాయింపు దానంతట అది ఫలితాన్ని మార్చకూడదు. మార్పు ఏదైనా మందు ద్వారానే జరగాలి. క్యాప్సూల్ పంచడానికి వచ్చిన కార్యకర్త పిల్లవాడికి విరేచనాలని విని ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించమని చెప్పి వెళ్లిందనుకుంటే, క్యాప్సూల్ మింగని బిడ్డకూ మేలు జరుగుతుంది. అప్పుడు ఆ మేలు కూడా విటమిన్ ఖాతాలోకి పోతుంది. ఆచే ట్రయల్‌లో ప్లసీబో లేదు గనుక ఈ అనుమానానికి కొంత చోటు ఉన్నది. ఇరువైపులా ఒకే రకమైన మాత్ర ఇచ్చే ట్రయల్స్‌లో ఈ షరతు గట్టిగా నిలుస్తుంది.

రెండవది, మందు కేటాయించని వైపువారికి అదే మందు వేరే దారిన అందుతున్నదా అన్నది చూడాలి. ఆచేలో ఆ సమస్య లేదని భావించారు గనుక లెక్క తేలిక అయింది. మందుల దుకాణంలో దొరికే ఔషధమైతే అలా భావించలేము. కేటాయించినా వేసుకోనివారు, కేటాయించకపోయినా సంపాదించి వేసుకునేవారు, కేటాయింపును బట్టి నడుచుకునేవారు అని మూడు తెగలు ఏర్పడతాయి. వేసుకోమంటే మానేసి, వద్దంటే వేసుకునే నాలుగో తెగవారు లేరని అనుకోవలసి వస్తుంది. పిల్లల పెంపకం తెలిసినవారికి ఈ నాలుగో తెగ అపరిచితమేమీ కాదు గాని, ట్రయల్స్‌లో అటువంటివారు అరుదనే శాస్త్రజ్ఞుల నమ్మకం.

ఈ తెగల విభజనను, షరతులను ఒక క్రమంలో పెట్టి 1996లో జాషువా ఆంగ్రిస్ట్, గైడో ఇంబెన్స్, డొనాల్డ్ రూబిన్ ఒక పత్రం ప్రచురించారు. చీటీ ఫలితాన్ని ఒక సాధనంగా వాడుకుని, దాని ప్రకారం నడుచుకున్నవారిపై ప్రభావాన్ని అంచనా కట్టే పద్ధతి వైద్యంలోనే కాక ఆర్థిక శాస్త్రంలోనూ విస్తరించింది. 2021లో ఆర్థిక శాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగాన్ని ఆంగ్రిస్ట్, ఇంబెన్స్ పంచుకోవడానికి ఈ కోవకు చెందిన కృషే కారణం.

ఒక పరిమితిని ఇక్కడ చెప్పుకోవాలి. ఈ జవాబు తీసుకున్నవారికే వర్తిస్తుంది. ఆచేలో విటమిన్ అందని పిల్లలకు అది అంది ఉంటే ఎంత మేలు జరిగేదో ఈ లెక్క చెప్పదు. అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది వారే గనుక ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు.

హైదరాబాద్ నుంచి ఉత్తరప్రదేశ్ వరకు

విటమిన్ ఎ విషయంలో భారతదేశపు అనుభవం ఆచే కన్నా పాతది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, అంధత్వ నివారణ లక్ష్యంతో పిల్లలకు ఆరు నెలలకొకసారి అధిక మోతాదు విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. అయితే విటమిన్ మరణాలను కూడా తగ్గిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆచే ఫలితాల తరువాత ఆ సంస్థ హైదరాబాద్ పరిసరాలలో 15,775 మంది బడి ఈడుకు రాని పిల్లలపై సొంతంగా ట్రయల్ జరిపింది. 7,691 మందికి విటమిన్, 8,084 మందికి ప్లసీబో. 1990లో లాన్సెట్‌లో ప్రచురితమైన ఫలితం ఆచేకు భిన్నంగా ఉన్నది. రెండు వర్గాల మరణాల రేట్లలో చెప్పుకోదగిన తేడా లేదు.

ఆ నివేదికలోని మరో అంశం ఈ వ్యాసానికి మరింత ముఖ్యమైనది. విటమిన్ గాని ప్లసీబో గాని ఒక్క మోతాదు కూడా అందని పిల్లలలోనే మరణాల రేటు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది. కరోనరీ డ్రగ్ ప్రాజెక్టులో గుండె రోగులలో కనిపించినదే తెలంగాణ పల్లె పిల్లలలోనూ కనిపించిందన్న మాట. ఆరోగ్య సిబ్బందికి అందుబాటులో ఉన్న పిల్లలు ఒక రకం, అందని పిల్లలు మరో రకం. హైదరాబాద్ ట్రయల్‌లో ప్లసీబో వర్గం లేకపోయి ఉంటే, విటమిన్ అందినవారిని అందనివారితో పోల్చి దానికి లేని ఘనతను కట్టబెట్టడం సులువయ్యేది.

అదే 1990లో తమిళనాడు నుంచి వేరే కబురు వచ్చింది. మదురైలోని అరవింద్ ఆసుపత్రి వైద్యుల బృందం 15,419 మంది పిల్లలపై జరిపిన ట్రయల్‌లో మరణాలు 54 శాతం తగ్గాయి. ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదుకు బదులు అక్కడ వారం వారం చిన్న మోతాదును కార్యకర్తలే స్వయంగా ఇళ్లకు వెళ్లి ఇచ్చారు. మందు అందిందా లేదా అన్న అనుమానానికి ఈ ఏర్పాటులో చోటు తక్కువ.

అసలు వివాదం 2013లో చెలరేగింది. లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన శాలీ అవస్థీ, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ పీటో తదితరులు ఉత్తరప్రదేశ్‌లో 72 బ్లాకులలో సుమారు 10 లక్షల మంది పిల్లలపై జరిపిన డెవ్టా ట్రయల్ ఫలితాలు ఆ ఏడాది వెలువడ్డాయి. అంగన్‌వాడీ కార్యకర్తల ద్వారా విటమిన్ ఇచ్చిన ఈ ట్రయల్‌లో మరణాలు 4 శాతమే తగ్గాయి. అది కూడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చునన్నంత స్వల్పం. నివేదిక ప్రకారం 86 శాతం మందికి మోతాదులు అందాయి.

ఆ 86 దగ్గరే సోమర్ తదితరులు అభ్యంతరం లేవనెత్తారు. అంత విశాలమైన ప్రాంతంలో, అంత తక్కువ పర్యవేక్షణతో, అంతమందికి మందు అంది ఉండడం నమ్మశక్యంగా లేదన్నది వారి వాదన. ట్రయల్ నిర్వాహకుల వద్ద వేరే సాక్ష్యం ఉన్నది. నమూనాగా పరీక్షించిన పిల్లలలో విటమిన్ ఎ లోపానికి గుర్తైన బైటాట్ మచ్చలు, అంటే కంటి తెల్లగుడ్డుపై నురుగులా కనిపించే మచ్చలు, ఇవ్వని బ్లాకులలో 3.5 శాతం మందికి ఉండగా, ఇచ్చిన బ్లాకులలో 1.4 శాతం మందికే ఉన్నాయి. విటమిన్ చాలామంది కడుపులోకి చేరిందనడానికి ఇది నిదర్శనం.

ఆచే భాగహారం గుర్తుంటే ఈ తగాదాలో పణంగా ఉన్నదేమిటో తెలుస్తుంది. మరణాల తేడాను 0.86తో భాగిస్తే అది కొంచెమే పెరుగుతుంది. నిజానికి సగం మందికే అంది ఉంటే 0.5తో భాగించాలి, అప్పుడు తేడా రెట్టింపు అవుతుంది. పైన ఉన్న అంకెను మరణాల నమోదు ఇస్తుంది, కింద ఉన్న అంకెను మాత్రం పంపిణీ రిజిస్టరు ఇస్తుంది. రిజిస్టరు తప్పితే ఎంత సూక్ష్మమైన గణాంక పద్ధతైనా తప్పుతుంది. ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. భాగహారం చిన్న ప్రభావాన్ని కొంత పెంచగలదు గాని, లేని ప్రభావాన్ని పుట్టించలేదు. పైనున్న అంకెలోని అనిశ్చితి కూడా అదే పాళ్లలో పెరుగుతుంది.

వేసుకున్నారని ఎలా తెలుస్తుంది

రోగి మాటనే నమ్మితే ఏమవుతుందో ఆఫ్రికాలో జరిగిన వాయిస్ ట్రయల్ చూపించింది. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది మహిళలకు హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వాడే మాత్రలు, జెల్ ఇచ్చి చూశారు. కేటాయింపు ప్రకారం లెక్కిస్తే రక్షణ కనిపించలేదు. వాడుతున్నామని చెప్పిన మాటలను, తిరిగి ఇచ్చిన మాత్రల లెక్కను బట్టి వాడకం 90 శాతం వరకు ఉన్నట్లు తోచింది. రక్త పరీక్ష చేస్తే మందు ఆనవాళ్లు 25 నుంచి 30 శాతం నమూనాలలోనే దొరికాయి. మాత్ర పనిచేయదా, లేక కడుపులోకే పోలేదా అన్న ప్రశ్నకు రక్తమే జవాబు చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవారు వాడే మాత్రలతో పట్టుబడితే జనం ఏమనుకుంటారోనన్న జంకు వంటి కారణాలు ఆ మహిళల మౌనం వెనుక ఉన్నాయి.

ఈ జాగ్రత్తను భారతదేశం చాలా ముందే నేర్చుకున్నది. 1956లో మద్రాసులో ఏర్పాటైన క్షయ చికిత్సా కేంద్రం వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, క్షయ రోగులకు శానిటోరియంలో ఉంచి చేసే చికిత్సను ఇంటివద్ద ఇచ్చే చికిత్సతో పోల్చింది. ఇంటికి మాత్రలు పంపితే వేసుకుంటారా అన్నదే అప్పటి పెద్ద సందేహం. అందుకని చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కించారు, మూత్ర పరీక్షలతో మందు ఆనవాళ్లు చూశారు. ఇంటి చికిత్స ఇంచుమించు శానిటోరియం చికిత్సకు సాటివస్తుందని తేలి, ప్రపంచవ్యాప్తంగా క్షయ చికిత్స తీరు మారింది. కార్యకర్త ఎదుటే మాత్ర మింగించే డాట్స్ విధానానికి మూలాలు ఆ మద్రాసు అధ్యయనాలలోనే ఉన్నాయి. నేడది ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని చెన్నై జాతీయ క్షయ పరిశోధనా సంస్థ.

మందు ఆగిన ప్రతిసారీ రోగినే తప్పుపట్టడం న్యాయం కాదు. పలు మందులను ఒకే మాత్రలో కలిపి ఇచ్చే పాలీపిల్‌పై తొమ్మిది దేశాలలో 5,713 మందితో జరిగిన టిప్స్-3 ట్రయల్‌లో దాదాపు సగం మంది భారతీయులే. బెంగళూరులోని సెయింట్ జాన్స్ సంస్థకు చెందిన ప్రేమ్ పయస్ దాని సారథులలో ఒకరు. 2020లో వెల్లడైన ఫలితాలలో గుండెజబ్బు ఘటనలు మాత్ర వర్గంలో 4.4 శాతం, ప్లసీబో వర్గంలో 5.5 శాతం. ఆ ట్రయల్‌లో చాలామంది మాత్ర ఆపివేయడానికి సరఫరాలో జాప్యం, కోవిడ్ ఆంక్షలు కూడా కారణాలు.

ప్రశ్న ముందు, లెక్క తరువాత

కేటాయింపు ప్రకారం లెక్క ఎప్పుడూ సురక్షితమేనన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉన్నది. ఒక సందర్భంలో అది తప్పు. కొత్త మందు పాతదానికి తీసిపోదని నిరూపించే ట్రయల్స్ ఉంటాయి. వాటిలో రెండు వైపులా మందులు మానేసినవారు ఎక్కువైతే రెండు వర్గాలూ ఒకేలా కనిపించి, నాసిరకం మందు కూడా సాటి మందుగా నెగ్గుకు వస్తుంది. అందుకే అటువంటి ట్రయల్స్‌లో ప్రణాళిక ప్రకారం మందు వాడినవారి ఫలితాలను కూడా విడిగా చూపమని నియంత్రణ సంస్థలు అడుగుతాయి.

ఔషధ నియంత్రణలో దేశాల మధ్య ఏకరూపత కోసం పనిచేసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ 2019లో తన గణాంక మార్గదర్శకానికి ఒక అనుబంధం చేర్చింది. మందు మానేయడం, మధ్యలో వేరే మందుకు మారడం వంటి ఘటనలు జరిగితే వాటిని ఎలా పరిగణిస్తారో ట్రయల్ మొదలుకాకముందే రాసిపెట్టాలని అది చెబుతుంది. మానినవారి ఫలితం కూడా లెక్కలోకి వస్తుందా? మానడమే వైఫల్యంగా చూస్తారా? మానకపోయి ఉంటే ఏమయ్యేదో అంచనా కడతారా? ఫలితాలు వచ్చాక అనుకూలమైన లెక్కను ఏరుకునే వెసులుబాటు దీనితో తగ్గుతుంది.

ఆచేలో మాదిరిగా ఒకటి రెండు మోతాదులతో ముగిసే చికిత్సకు భాగహారం సరిపోతుంది. ఏళ్ల తరబడి రోజూ వేసుకునే మాత్రల విషయంలో, ఈ నెల మానినవాడు వచ్చే నెల మళ్లీ మొదలుపెడతాడు, జబ్బు హెచ్చుతగ్గులను బట్టి వాడకం మారుతుంది. అటువంటి చోట ప్రతి సందర్శనలో రోగి స్థితిని నమోదు చేసి, మందు మానడానికి దారితీసిన కారణాలకు తగినట్లు తూకం వేసే పద్ధతులు కావాలి. హార్వర్డ్ ఆచార్యుడు జేమ్స్ రాబిన్స్ వీటికి పునాది వేశారు.

అవి నిజంగా పనిచేస్తాయా అన్నది పరీక్షించడానికి కూడా కరోనరీ డ్రగ్ ప్రాజెక్టు ప్లసీబో వర్గమే ఉపయోగపడింది. మాత్రలో గుణమేమీ లేదు గనుక, సరైన పద్ధతి వాడితే వేసుకున్నవారికి, వేసుకోనివారికి మధ్య తేడా మాయమవ్వాలి. 2016లో ఎలీనర్ మరే, మిగెల్ ఎర్నాన్ ఆ పాత సమాచారాన్ని కొత్త పద్ధతులతో తిరిగి విశ్లేషించారు. 1980లో అందరినీ ఆశ్చర్యపరచిన ఆ అంతరం చాలావరకు తగ్గిపోయింది. అప్పటి నుంచి ప్లసీబో వర్గంలో ముందుగా ఇదే పరీక్ష చేసి చూడాలని, అక్కడ తేడా మిగిలిపోతే మందు వర్గంలో వచ్చిన అంచనాను కూడా అనుమానించాలని ఈ రంగంలోని పలువురు పరిశోధకులు సూచిస్తున్నారు.